పసుపుబారిన పళ్ళు: ఇంట్లో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు
(రేడియో ప్రసంగ పాఠం)

ముందుగా ఒక మాట. నేను పళ్ళ డాక్టర్ని కాను. ఊళ్ళు తిరుగుతూ కంప్యూటర్ల ముందు కూర్చుని బతికే కన్సల్టెంట్ని. పళ్ళ గురించి మాట్లాడే అర్హత నాకు ఒక పొరపాటు వల్ల వచ్చింది. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

మా నాన్న రిటైరైన బడిపంతులు. మాది నల్గొండ జిల్లా. ఆయన ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చినప్పుడు మా అమ్మాయి పుట్టినరోజు చేశాం. ఫోటోల్లో అందరం నవ్వుతున్నాం, నాన్న మాత్రం పెదవులు బిగించుకుని నిలబడ్డారు. ఏం నాయినా అంటే, "ఈ గార పండ్లు ఫోటోల ఎందుకురా, పిల్ల ఫ్రెండ్స్ చూస్తే నవ్వుతరు" అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. ఆ రాత్రే ఇంటర్నెట్ ముందు కూర్చున్నాను. ఎవరో బొగ్గుపొడి అన్నారు, ఇంకెవరో నిమ్మరసంలో వంటసోడా అన్నారు. మన ఊళ్ళో బొగ్గుతో, కచికతో తోముకోలేదా, ఇందులో తప్పేముంది అనుకుని రెండూ మొదలుపెట్టించాను.

పది రోజులకి నాన్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసి, "పండ్లు జివ్వుమంటున్నయేందిరా" అన్నారు. ఇడ్లీలోకి చట్నీ కూడా నోట పెట్టలేకపోయారు. అప్పుడు తీసుకెళ్ళాను డెంటిస్ట్ దగ్గరికి. ఆవిడ చెప్పింది విన్నాక తెలిసింది, నేను అసలు జబ్బేమిటో చూడకుండా మందు వేశానని. మా వృత్తిలో అయితే అలాంటి వాణ్ణి మర్నాడే ఇంటికి పంపేస్తారు.

పళ్ళ పసుపు అంతా ఒకటి కాదు. మూడు రకాలుగా అనుకోవచ్చు.

మొదటిది పైన పట్టే గార. టీ, కాఫీ, వక్క, కిళ్ళీ, పొగాకు, ఐరన్ టానిక్కులు, క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్‌లు - వీటి మరక పంటి పైపొర మీద ఉంటుంది. కొంత బ్రష్‌తోనే పోతుంది. గట్టిపడిన పాచి మాత్రం ఇంట్లో ఎంత తోమినా పోదు. డెంటిస్ట్ ఆఫీసులో చేసే క్లీనింగే దానికి మందు. చాలామందికి ఆ ఒక్క క్లీనింగుతోనే పళ్ళు ఒక మెట్టు తెల్లబడతాయి.

రెండోది వయసుతో వచ్చే పసుపు. పంటి పైన ఎనామెల్ అనే గట్టి పొర ఉంటుంది. అది కొంచెం పారదర్శకంగా ఉంటుంది. దాని కింద డెంటిన్, అది సహజంగానే లేత పసుపు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎనామెల్ అరిగి పల్చబడుతుంది, లోపల డెంటిన్ మందమవుతుంది, రంగు కూడా ముదురుతుంది. పల్చటి పంచెలోంచి లోపలి రంగు బట్ట కనిపించినట్టు పసుపు బయటికి కనిపిస్తుంది. ఇది మురికి కాదు. శుభ్రంగా తోముకునేవాళ్ళకి కూడా వస్తుంది. దీన్ని గీకి తీసేద్దామని చూస్తే ఉన్న ఎనామెల్ కూడా పోయి ఇంకా పసుపు అవుతుంది. నేను చేయించింది సరిగ్గా అదే.

నిమ్మరసం పుల్లదనం ఎనామెల్‌ని మెత్తబరుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం రెండుకీ మూడుకీ మధ్య ఉంటుంది. మెత్తబడ్డ పొర మీద బొగ్గుపొడి రుద్దడం గరుకు కాగితంతో రుద్దినట్టే. పోయిన ఎనామెల్ గోరులా మళ్ళీ పెరగదు. బొగ్గు పళ్ళని తెల్లబరుస్తుందనీ, అది హానిలేనిదనీ చెప్పడానికి సరైన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. వంటసోడా ఒక్కటే అయితే అంత గరుకు కాదు, పైగార వరకు పనిచేస్తుంది. దాన్ని నిమ్మరసంతో కలపడమే తప్పు.

ఇక మూడో రకం. డెంటిస్ట్ నాన్న పళ్ళు చూసి, "చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు?" అని అడిగింది. నేను తెలుగులో అడిగితే నాన్న, "మా ఊరి బాయి నీళ్ళే" అన్నారు. పళ్ళ మీద అడ్డంగా ఉన్న గోధుమరంగు చారలు గార కాదనీ, ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చలనీ చెప్పింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, తన పళ్ళు సరిగ్గా తోముకోకపోవడం వల్లే ఇలా అయ్యాయని అన్నేళ్ళూ సిగ్గుపడుతూ బతికారు. ఆ మాట నేను ఆయనకి తెలుగులో చెప్తుంటే నా గొంతు పట్టుకుంది.

ఈ మచ్చల కథ మనకీ అమెరికాకీ కలిసినదే. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్ట్ కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెడితే, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ మరకలు కనిపించాయి. కారణం తెలియడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1931లో అల్యూమినియం కంపెనీలో రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని పట్టుకున్నాడు. మరకలున్న ఆ పళ్ళు అంత తేలిగ్గా పుచ్చడం లేదని మెకే గమనించాడు. తర్వాత 1945లో మిచిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో నీళ్ళలో కొద్దిగా ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. 2015లో ఇక్కడి ఆరోగ్యశాఖ సూచించిన మోతాదు లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. మన దగ్గర అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే నేటి ప్రకాశం వైపు, ఈ సమస్యని 1937లోనే డాక్టర్లు రాశారు. నల్గొండలో అయితే పళ్ళతో ఆగలేదు, ఎముకలు వంగిపోయినవాళ్ళున్నారు. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని.

పంటి మచ్చ మాత్రం పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపే పడుతుంది. పెద్దయ్యాక తాగిన నీళ్ళ వల్ల రాదు.

మరి ఇంట్లో ఏం చేయవచ్చు? నిజంగా పంటి రంగు మార్చేది పెరాక్సైడ్. అది ఎనామెల్‌లోకి దిగి రంగు అణువులని విరగ్గొడుతుంది, గీకదు. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు డెంటిస్టులు రాత్రిపూట నోట్లో ట్రే పెట్టుకునే పద్ధతిని ప్రచురించారు. అందులో వాడేది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అది విడిపోతే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. డెంటిస్ట్ మీ పళ్ళ అచ్చు తీసి ట్రే చేసిస్తారు, ఇంట్లో మీరే వాడుకుంటారు. మందుల షాపుల్లో దొరికే స్ట్రిప్స్ కూడా ఇదే సూత్రం. కొనేటప్పుడు డబ్బా మీద అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ముద్ర ఉందేమో చూడండి. పుండ్లకి వాడే పెరాక్సైడ్ సీసా నీళ్ళు మాత్రం పళ్ళకి పూసుకోకండి.

మొదలుపెట్టే ముందు ఇవి గుర్తుంచుకోండి.

ఒకటి, ముందు చెకప్. పుచ్చు, చిగుళ్ళ వాపు ఉంటే ముందు అవి బాగుచేయించాలి. ఒక్క పన్నే నల్లబడితే దాని నరం చచ్చిపోయి ఉండొచ్చు, స్ట్రిప్స్‌తో కప్పిపుచ్చకండి.

రెండు, కట్టుడు పళ్ళు, క్రౌన్లు, ఫిల్లింగులు తెల్లబడవు. పక్క పళ్ళు తెల్లబడితే ఇవి ఎబ్బెట్టుగా కనిపిస్తాయి.

మూడు, వయసులో చిగుళ్ళు కిందికి జారి పంటి మూలం బయటపడుతుంది. అక్కడ ఎనామెల్ ఉండదు. అది తెల్లబడదు సరికదా, జివ్వుమంటుంది. జివ్వుమంటే రోజు విడిచి రోజు వాడండి, పొటాషియం నైట్రేట్ ఉన్న టూత్‌పేస్ట్ వాడండి. తగ్గకపోతే ఆపేయండి.

నాలుగు, ఫ్లోరైడ్ మచ్చలకి స్ట్రిప్స్ కొని డబ్బు పారేసుకోకండి. మొదట్లో తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. దానికి డెంటిస్ట్ చేసే పద్ధతులు వేరే ఉన్నాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. తెల్లబరచడం అందం కోసమే అని ఇక్కడి ఇన్సూరెన్సులు మామూలుగా ఇవ్వవు. ఎఫ్.ఎస్.ఏ. డబ్బు వాడదామంటే ఐ.ఆర్.ఎస్. నిబంధనల్లో దీన్ని వైద్యఖర్చుగా ఒప్పుకోరు. తల్లిదండ్రులకి కొనే విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి హఠాత్తుగా వచ్చిన నొప్పి, దెబ్బ తప్ప పళ్ళ పని పట్టదు. అందుకే ఇండియాలో బయల్దేరే ముందే అక్కడ క్లీనింగ్ చేయించుకు రమ్మనండి.

మా నాన్నకి చివరికి చేసింది చాలా తక్కువ. బొగ్గు, నిమ్మకాయ ఆపేశాం. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్, ఒక క్లీనింగ్. పుల్లటివి తిన్నాక నోరు పుక్కిలించి, అరగంట ఆగాకే బ్రష్. నెల రోజులకి మళ్ళీ చట్నీ తినగలిగారు. మచ్చలు అలాగే ఉన్నాయి.

తిరిగి వెళ్ళే ముందు ఎయిర్‌పోర్టులో మా అమ్మాయి, "తాతా, స్మైల్" అంది. ఆయన నోరారా నవ్వారు. "మావి బాయి నీళ్ళ పండ్లు బిడ్డా" అని దానికి చెప్పారు. దానికి ఏం అర్థమయిందో తెలియదు కానీ, ఆ ఫోటో మాత్రం మా హాల్లో గోడ మీద ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఫోటోల్లో నోరు మూసుకుంటుంటే, ముందు ఎందుకో అడగండి. పొడులూ స్ట్రిప్సూ తర్వాత చూసుకోవచ్చు. ఉంటాను, సెలవు.