కారు ధర తగ్గుతుంది, స్పేర్ పార్టు ధర తగ్గదు

హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ బస్తీల్లో ఒక దళిత కుటుంబం కారు కొన్నదంటే చాలాసార్లు అది హోదా కోసం కాదు, ఉపాధి కోసం. ఏళ్ల తరబడి వేరేవాళ్ల బండి నడిపిన డ్రైవర్ తనే ఓనర్ కావాలనుకుంటాడు. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చినప్పుడు చాలామంది వాహనాలనే ఎంచుకున్నారు. ఏ పథకమూ అందనివాళ్లకు మిగిలేది మూడు, నాలుగు లక్షల్లో దొరికే సెకండ్ హ్యాండ్ సెడాన్.

ఈ బడ్జెట్‌లో రెండు రకాల బండ్లు దొరుకుతాయి. ఒకటి క్యాబ్‌లుగా తిరిగి నలిగిన డిజైర్, ఎటియోస్. రెండోది ఒకప్పుడు ఖరీదైన సిటీ, వెర్నా, సియాజ్, వెంటో, ర్యాపిడ్. రెండో రకం పెద్దగా ఉంటుంది, చవక అనిపిస్తుంది. కానీ పదేళ్లలో కారు ధర ఎంత పడిపోయినా దాని స్పేర్ పార్టు ధర పడిపోదు. పైగా పెద్ద ఖర్చు దగ్గర పడ్డాకే చాలా బండ్లు అమ్మకానికి వస్తాయి. చేతిలో డబ్బున్నవాడు వదిలించుకున్న రిపేరు, డబ్బు లేనివాడి మీద పడుతుంది.

ఆ రిపేర్లేమిటో చూద్దాం. ఇక్కడ ఇచ్చినవి బయటి గ్యారేజీల్లో పార్టు, లేబర్ కలిపి ఉజ్జాయింపు ధరలు. మోడల్‌ను బట్టి మారతాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకా ఎక్కువే.

క్లచ్: సిటీ ట్రాఫిక్‌లో ముందు అరిగేది ఇదే. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్లు అయిపోయినట్టే. 8,000 నుంచి 15,000 రూపాయలు.

సస్పెన్షన్: కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా నడిపితే లోయర్ ఆర్మ్, బుష్‌లు, షాకబ్సార్బర్ల శబ్దం వినిపిస్తుంది. 10,000 నుంచి 20,000.

ఇంజెక్టర్లు, టర్బో: డీజిల్ బండి నల్ల పొగ వదిలితే వీటిని అనుమానించాలి. ఒక్కో ఇంజెక్టర్ రిపేరుకు 4,000 నుంచి 6,000. నాలుగూ కొత్తవి వేయాల్సి వస్తే 50,000 దాటవచ్చు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. ఆ బండి జోలికి వెళ్లొద్దు.

టైమింగ్ బెల్ట్: వెంటో, ర్యాపిడ్ డీజిల్ బండ్లలో బెల్ట్ ఉంటుంది. దాన్ని వేళకు మార్చాలి, 10,000 నుంచి 18,000 అవుతుంది. మార్చక తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. డిజైర్, ఎటియోస్ డీజిల్‌లో చైన్ ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ. వెంటో, ర్యాపిడ్‌లలో డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవైతే, అది చెడితే ఖర్చు లక్ష దాటవచ్చు.

వీటికి తోడు ఏసీ కంప్రెసర్‌కు 12,000 నుంచి 25,000, నాలుగు టైర్లకు 18,000 నుంచి 25,000, బ్యాటరీకి 5,000 నుంచి 7,000.

మన ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది. 2020 అక్టోబర్ వరదల్లో నగరానికి ఈ వైపు కాలనీలు నీట మునిగాయి, వాటితో పాటు కార్లూ మునిగాయి. మునిగిన బండిని కడిగి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద మరక కనిపించవచ్చు. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల తుప్పు చూడండి. వైరింగ్‌లోకి నీళ్లు చేరిన బండిలో రిపేర్లు ఒక పట్టాన తెగవు.

కాగితాల సంగతి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఓనర్ మారడానికి ఫారం 29, 30 కావాలి. చలాన్లు, ఇన్సూరెన్స్ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. మీటర్ వెనక్కి తిప్పడం మామూలే కాబట్టి కంపెనీ సర్వీస్ రికార్డుతో పోల్చాలి. తెల్ల నంబర్ ప్లేటు బండిని కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. ట్రాన్స్‌పోర్టు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

ఇప్పుడు లెక్క. 3 లక్షల అప్పు, 16 శాతం వడ్డీ, 36 నెలలు అనుకుంటే నెలకు ఈఎంఐ దాదాపు 10,550 రూపాయలు. మొదటి ఏడాదే క్లచ్, సస్పెన్షన్, టైర్లు, బ్యాటరీ వస్తే తక్కువలో తక్కువ 41,000. బండి గ్యారేజీలో ఉన్నన్ని రోజులు సంపాదన ఆగుతుంది, ఈఎంఐ ఆగదు. కారుకు అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీ క్లచ్ ప్లేట్లకు ఇవ్వదు. అమ్మడానికి భూమి, కుదువ పెట్టడానికి బంగారం లేని ఇంట్లో ఆ డబ్బు రోజువారీ వడ్డీకే పుడుతుంది. రెండు, మూడు ఈఎంఐలు తప్పితే బండి లాక్కుపోతారు. బలప్రయోగంతో బండి లాక్కోవడం చెల్లదని 2007లో ఐసీఐసీఐ బ్యాంక్, ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట డ్రైవర్లకు తెలియాలి.

అందుకే మూడున్నర లక్షలు చేతిలో ఉంటే మూడు లక్షల బండే చూడాలి. మిగతా 50,000 రిపేరుకు ఉంచుకోవాలి. కొనే ముందు, అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌కు డబ్బులిచ్చి బండి చూపించుకోవాలి.

అయితే ఇది వ్యక్తి జాగ్రత్తతో తీరే సమస్య కాదు. దళితబంధులో లబ్ధిదారు 10,000, ప్రభుత్వం 10,000 వేసి ఆపదలో ఆదుకునే రక్షణ నిధి పెట్టాలని నిర్ణయించారు. ఆస్తి ఇస్తే చాలదు, దెబ్బ తగిలినప్పుడు నిలబెట్టే డబ్బు కూడా ఉండాలని అప్పుడే ఒప్పుకున్నారన్నమాట. ఎస్సీ కార్పొరేషన్ వాహన రుణాలు ఇచ్చే ప్రతిచోటా తక్కువ వడ్డీకి రిపేరు రుణం కూడా ఉండాలని సంఘాలు అడగాలి. అడిగేటప్పుడు మన బస్తీ డ్రైవర్ల గ్యారేజీ బిల్లులు ఒకచోట చేర్చి ముందు పెడితే మాటకు బలం ఉంటుంది. ఆ పని విద్యార్థులు ఈ రోజే మొదలుపెట్టవచ్చు.