పాత్రధారణలో విశ్వాసం: వీడియో ఆటలలోని కల్పిత మతాలపై ఒక ధర్మశాస్త్ర పరిశీలన

తాను కాని మరొకరి మాటను తన నోట పలకడం మానవునికి కొత్త విషయమేమీ కాదు. కథకుడు రాజు మాటను చెబుతాడు, దొంగ మాటను చెబుతాడు, దుర్మార్గుని బెదిరింపును కూడ అదే గొంతుతో వినిపిస్తాడు. గుంటూరు సీమకు చెందిన బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ (1920–1997) బొబ్బిలి యుద్ధాన్ని, పల్నాటి యుద్ధాన్ని చెప్పినప్పుడు ఆయా గాథలలోని పాత్రలన్నీ ఆయన గొంతులోనే పలికాయి. ఆ మాటలు ఎవరివో వినేవారికి తెలుసు.

నేటి కాలంలో ఈ పాత సంగతి కొత్త రూపంలో ఎదురవుతున్నది. ఒక ముస్లిం యువకుడు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. తెర మీద అతడు నడిపించే యోధుడు ఏదో కల్పిత దేవత గుడిలోకి వెళ్లి, బలిపీఠం ముందు నిలిచి, వరం పొందుతాడు. అది చూచిన తల్లి గుండె ఝల్లుమంటుంది. ఆ కుమారుడు, ‘అది నేను కాదమ్మా, ఆటలోని మనిషి’ అంటాడు. తల్లి భయం అర్థరహితమా? కుమారుని జవాబు సరిపోతుందా? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వెదకడం అవసరం. ఎందుకంటే ఒకవైపు ఈమాన్ భద్రత ఉన్నది, మరొకవైపు విశ్వాసిని తొందరపడి అవిశ్వాసి అనే ప్రమాదం ఉన్నది. రెండూ చిన్న విషయాలు కావు.

ఆటల స్వరూపం

పాత్రధారణ ఆటలకు నేటి రూపం 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఏర్పడింది. అందులో మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరించి, నోటి మాటలతో కథ నడుపుతారు. ఆ పాత్రలలో కల్పిత దేవతల పూజారులు కూడ ఉంటారు. 1980 దశకంలో ఈ ఆట పిల్లలను సైతాను ఆరాధనకు మళ్లిస్తుందని అమెరికాలోని కొందరు క్రైస్తవులు గట్టిగా ప్రచారం చేశారు. కనుక ఈ కలవరం ముస్లిములకు మాత్రమే కలిగినది కాదు.

తర్వాత ఇదే పద్ధతి కంప్యూటరులోకి వచ్చింది. 2011 నవంబరులో విడుదలైన ‘స్కైరిమ్’ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కల్పిత దేశంలో తొమ్మిదిమంది దేవతలున్నారు. వారిలో తాలోస్ అనేవాడు ఒకప్పుడు మనిషిగా ఉండి దేవుడయ్యాడని అక్కడి ప్రజల నమ్మిక. ఒక సంధి ప్రకారం అతని ఆరాధన నిషేధించబడింది. అంతర్యుద్ధానికి గల కారణాలలో అదొకటి. ఆటగాడు ఏదైన బలిపీఠాన్ని తాకితే అతని పాత్రకు రోగాలు నయమవుతాయి, కొంతకాలం నిలిచే ఒక శక్తి లభిస్తుంది. ఇవి గాక, తన సహచరుని బలి ఇమ్మని కోరే దుష్టశక్తులు కూడ అందులో ఉన్నాయి. వాటి మాట వినకుండ పోవడానికి ఆటగానికి స్వేచ్ఛ ఉన్నది.

2014 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’లో ప్రజలు కథానాయకుణ్ణి ఒక పవిత్ర స్త్రీ పంపిన దూతగా భావిస్తారు. ‘అవును, నమ్ముతున్నాను’ అనాలా, ‘సందేహమున్నది’ అనాలా, ‘నేను నమ్మను’ అనాలా అన్నది ఆటగాడే నిర్ణయించాలి. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో పూజారి పాత్రను ఎన్నుకున్నవాడు ఏ దేవతను కొలుస్తాడో ముందే చెప్పాలి. ఈ విధంగా ఇటువంటి ఆటలలో విశ్వాసమనేది పాత్ర స్వభావంలో భాగంగా ఉంటుంది.

ధర్మశాస్త్ర మూలాలు

ఊహకు, బొమ్మలాటకు ఇస్లాంలో అసలే చోటు లేదనడం సరికాదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య రెక్కల గుఱ్ఱం ఉండడం చూచి దైవప్రవక్త (స) ప్రశ్నించగా, సులైమాన్ (అ) గుఱ్ఱాలకు రెక్కలుండేవని ఆమె బదులు చెప్పారు. ఆయన నవ్వారు. ఈ ఉదంతం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. జంతువుల చేత మాట్లాడించిన ‘కలీలా వ దిమ్నా’ను ఇబ్నుల్ ముఖఫ్ఫా 8వ శతాబ్దంలో అరబ్బీలోకి తెచ్చాడు. మారువేషాల మోసగాణ్ణి కథానాయకునిగా చేసి హరీరీ (మ. 1122) ‘మఖామాత్’ రచించాడు. అవి శతాబ్దాల తరబడి విద్యార్థులు చదివిన గ్రంథాలే.

అవిశ్వాస వాక్యాన్ని ఉటంకించడం అవిశ్వాసం కాదన్నది పండితులకు సుపరిచితమైన సూత్రం. దీనికి అన్నిటికంటె పెద్ద నిదర్శనం దివ్య ఖుర్ఆనే. నాజిఆత్ సూరాలో ఫిరౌన్ తానే సర్వోన్నత ప్రభువునని చెప్పుకున్న మాట ఉన్నది. ఇమాము దానిని నమాజులో పఠిస్తాడు, వెనుక నిలిచినవారు వింటారు. ఆ వాక్యం ఆయన నోట వెలువడినా దాని భారం ఫిరౌను మీదనే ఉంటుంది, పఠించినందుకు ఇమాముకు పుణ్యం లభిస్తుంది.

అన్ఆమ్ సూరాలో (6:76–79) ఇబ్రాహీమ్ (అ) నక్షత్రాన్ని, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి చూచి పలికిన మాటల గురించి వ్యాఖ్యాతలలో భేదాభిప్రాయమున్నది. తన జాతితో వాదిస్తూ, వారి నమ్మిక లోపాన్ని చూపడానికే అలా పలికారని ఇబ్నె కసీర్ అభిప్రాయం. ఆ వ్యాఖ్యానం ప్రకారం ఎదుటివాని దృక్పథంలో కాసేపు నిలిచి మాట్లాడడం సాధ్యమే. అయితే అక్కడి ఉద్దేశం బోధన అనీ, కాలక్షేపం కాదనీ మరువరాదు.

నహ్ల్ సూరాలోని 106వ ఆయతు చిత్రహింసలకు లోనై నోట అవిశ్వాస వాక్యం పలికిన హజ్రత్ అమ్మార్ (రజి) వంటివారికి ఊరట కలిగించింది. హృదయం విశ్వాసంతో నిండి ఉన్నదా అన్నదే అక్కడ గీటురాయి. కాని ఆటగాణ్ణి ఎవరూ నిర్బంధించలేదు. కాబట్టి నిర్బంధితునికి గల మినహాయింపును అతడు తనకు వర్తింపజేసుకోజాలడు.

కథనమా, పరిహాసమా?

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. తబూక్ దండయాత్ర సందర్భంలో కొందరు కపటులు ధర్మాన్ని ఎగతాళి చేసి, ఏదో సరదాగా అన్నామని చెప్పుకున్నారు. తౌబా సూరా (9:65–66) ఆ సాకును తిరస్కరించింది. ఈ ఆధారంతోనే హనఫీ ధర్మశాస్త్రవేత్తలు పరిహాసానికి అవిశ్వాస వాక్యం పలికినవాని విషయంలో కఠినంగా ఉన్నారు. మనసులో నమ్మకపోయినా అతడు తప్పించుకోలేడన్నారు. కారణమేమంటే ఆ పరిహాసమే ధర్మాన్ని తేలిక చేయడం.

మరి ఆటగాడు కథకుని కోవలోకి వస్తాడా, పరిహాసకుని కోవలోకి వస్తాడా? ఈ విషయంలో నేటి పండితులు ఏకాభిప్రాయంతో లేరు. షిర్క్ వంటి ఘోర పాపాన్ని వినోద సామగ్రి చేయడమే దానిని తేలికగా తీసుకోవడమని కొందరంటారు. పదేపదే చూచినదాని పట్ల హృదయంలోని అసహ్యం తగ్గిపోతుందన్నది వారి మరో వాదం. దీనిని తోసిపుచ్చడం సాధ్యం కాదు. ఇతరులు ఇలా అంటారు: ఎగతాళి నిషిద్ధం కావడానికి హేతువు ధర్మం పట్ల అవమానభావం. కల్పిత లోకంలో కల్పిత మనిషి ఒక కల్పిత దేవతను కొలిచినట్లు కథ నడపడంలో ఆ హేతువు కనిపించదు. కనుక ఆటగాడు కథకునికే దగ్గర.

ఇరాన్‌లో ముహర్రం నెలలో జరిగే తాజియా నాటకాలు ఈ సందర్భంలో గమనింపదగినవి. అవి సమ్మతమా కాదా అన్నది వేరే చర్చ. వాటిలో పాత్రధారులు సంభాషణల కాగితాన్ని చేతిలో పట్టుకునే సంప్రదాయమున్నది. తాను షిమ్ర్‌ను కాననీ, షిమ్ర్ మాటలను చదివి వినిపిస్తున్నాననీ ఆ కాగితం ప్రేక్షకునికి గుర్తుచేస్తుంది. ఆటగాని మనసులోనూ అటువంటి కాగితం ఒకటి ఉండాలి.

2020 నాటి ఉదంతం

2020 జూన్‌లో ‘పబ్జీ మొబైల్’ అనే ఆటలో అడవి నేపథ్యంతో ఒక కొత్త విభాగం వచ్చింది. అందులో పాత్ర ఒక విగ్రహం ముందు వంగి నిలిస్తే శక్తులు లభిస్తాయి. కువైట్, సౌదీ అరేబియా మొదలైన దేశాల ముస్లిములు ఆక్షేపించగా, నిర్మాతలు క్షమాపణ కోరి ఆ భాగాన్ని తొలగించారు. ఇది స్కైరిమ్ వంటిది కాదు. పబ్జీలో చెప్పుకోదగిన కథ లేదు, పాత్రకు ప్రత్యేక స్వభావమూ లేదు. తెర మీది బొమ్మ ఆటగానికి ప్రతినిధి మాత్రమే. ‘అది నేను కాదు, పాత్ర’ అనే జవాబు అక్కడ బలహీనపడుతుంది. కథకు, ఆటగానికి నడుమ ఎంత దూరమున్నదన్నదే ఈ విషయంలో ముఖ్యమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

నాలుగు మెట్లు

ఈ దూరాన్ని మెట్లుగా విభజించి చూడవచ్చు. మొదటిది, కల్పిత మతాన్ని గురించి ఆటలో చదవడం, వినడం. ఇది నవల చదవడం వంటిది. రెండవది, పాత్ర పలుకవలసిన వాక్యాన్ని ఎన్నుకోవడం లేదా పాత్ర చేత బలిపీఠాన్ని తాకించడం. భేదాభిప్రాయమంతా ఇక్కడనే ఉన్నది. అవసరం లేనప్పుడు దీనికి దూరంగా ఉండడమే జాగ్రత్తపరుల మార్గం. మూడవది, బల్ల చుట్టూ కూర్చుని ఆ ప్రార్థనను స్వయంగా తన నోటితో పలకడం. ఇక్కడ దూరం బాగా తగ్గిపోతుంది. నాల్గవది, వేషం ధరించి తన శరీరంతోనే సాష్టాంగపడడం. సజ్దా అల్లాహ్‌కు మాత్రమే ప్రత్యేకమైన ఆరాధన. దానిని ఆట కొరకైనా ఇతరుల ముందు చేయడానికి అవకాశం లేదు.

ఏ మెట్టు మీదనైన సరే, నిజమైన ఒక మతాన్ని, దాని ప్రవక్తలను, పవిత్ర స్థలాలను హేళన చేయడం నిషిద్ధమే. ఇతరులు కొలిచేవాటిని సైతం దూషించవద్దని అన్ఆమ్ సూరా 108వ ఆయతు ఆదేశించింది. నమాజు వేళలను మింగివేసే ఆట, జూదంతో ముడిపడిన ఆట, పాత్రల మతంతో నిమిత్తం లేకుండానే ఆక్షేపణీయం.

పెద్దల బాధ్యత

తొందరపడి ‘నీవు కాఫిరువైనావు’ అని కుమారునితో అనడం పరిష్కారం కాదు. నిశ్చయంగా ఉన్నది సందేహంతో తొలగిపోదన్నది ధర్మశాస్త్ర మూల సూత్రాలలో ఒకటి. కుమారుని ఈమాన్ నిశ్చయంగా తెలిసిన విషయం. తెర మీది బొమ్మ చేసిన పని వలన కలిగింది సందేహం. విశ్వాసిని అవిశ్వాసి అనడం ఎంత ప్రమాదకరమో హదీసులు హెచ్చరించాయి.

అంతకంటె మేలైన మార్గం అతని ప్రక్కన కూర్చుని ఆ కథను అడగడం. ‘మనిషి దేవుడయ్యాడని వారెందుకు నమ్ముతున్నారు? నీవేమంటావు?’ అని ప్రశ్నిస్తే, తౌహీద్ గురించి ఏ పాఠ్యపుస్తకమూ రాబట్టలేని సంభాషణ ఆ ఇంట మొదలుకావచ్చును. కుమారుడు తడుముకోకుండ జవాబు చెప్పగలిగితే అతని మనసులోని కాగితం భద్రంగా ఉన్నట్లే. తడుముకుంటే కొంతకాలం ఆట మాన్పించి, ముందు ఆ పాఠాన్ని పూర్తి చేయాలి. ఇది తెలుసుకోగలిగేది ఇంటి పెద్దలే గాని దూరాన ఉన్న ముఫ్తీ కాదు.

వల్లాహు ఆలమ్.