తేనెపిట్టయు మామిడి బదనికయు

పెరటిలో మందార, మునగ, అరటి పూచినప్పుడు వాని చుట్టును తిరుగు తేనెపిట్టను ఎఱుగని రైతు లేడు. నిడివి నాలుగంగుళములు, బరువు తులమునకు మించదు. మగది జతకట్టు కాలమున నీడలో నల్లగాను, ఎండలో నెమలి మెడవలె నీలముగాను మెఱయును. ఆడుదానికి వీపు మట్టిరంగు, పొట్ట లేత పసుపు. అమెరికా ఖండములందలి హమ్మింగుబర్డు గాలిలో నిలిచియే తేనె త్రాగును. మన పిట్ట సాధారణముగా కొమ్మను పట్టుకొని, వంకర ముక్కును పూవులోనికి దూర్చి పీల్చును. మందారమువంటి పెద్దపూవైనచో మొదట రంధ్రము చేసి దొంగతనముగా తేనె తీయుటయు గలదు.

గూడు కట్టునది ఆడుపిట్ట. సాలెపట్టును దారముగా జేసికొని, బెరడు పీచు, ఎండుటాకు తునకలు, పురుగుల రెట్ట మున్నగువానిని చేర్చి, కొమ్మ చివరనో, వసారాలోని తీగెకో సంచివలె వ్రేలాడగట్టును. ప్రక్కన ద్వారము, దానిపై చిన్న చూరు, లోపల దూది పఱపు. చూచువారి కది గాలికి చిక్కిన చెత్తవలె దోచును గనుక, బూజు దులుపునపుడు చీపురుతో లాగివేయుట తఱచు. ఆ చెత్తలో సాధారణముగా రెండు గ్రుడ్లుండును. తల్లి రెండు వారములు పొదుగును. పిల్లలకు తేనె చాలదు. తల్లియు తండ్రియు సాలీళ్లను, చిన్నపురుగులను తెచ్చి నోటికందించును. పిల్లలున్నన్నాళ్లు దగ్గఱి చెట్లపై పురుగుమందు చల్లకుండుట మేలు.

ఇక నేను ముఖ్యముగా వ్రాయదలచిన విషయము. మామిడికి బదనికను తెచ్చునది ఈ పిట్టయే యని దానిని ఉండేలుతో కొట్టించువారు కలరు. ఇందు సగమే నిజము. బదనికపూలు పొడవైన గొట్టములవలె నుండును. తేనెకై వచ్చిన పిట్ట తలకు పుప్పొడి యంటి వేఱొక పూవును చేరును. కాయ కట్టుట కది తోడ్పడును. విత్తు నాటునది మాత్రము మఱియొక పిట్ట. అది మూడంగుళములది, బూడిదరంగుది, పొట్టిముక్కుది. బదనిక గుబురును విడువదు. పండును మ్రింగి, బంకతో గూడిన విత్తును విసర్జించి కొమ్మకు రాచును. ఆ విత్తు అచటనే మొలిచి, వేరువంటి యంగమును బెరడులోనికి దించి, చెట్టు నీటిని లాగుకొనును. సలీం ఆలీగారు కొంకణదేశమున ఈ రెండు పిట్టల పనిని పరిశీలించి 1931లో ప్రకటించిరి.

అట్లయిన బూడిదపిట్టను కొట్టవలెనా యని కొందఱడుగుదురు. వలదు. మనము చెట్టుపై విడిచిన బదనికయే దానికి పని కల్పించుచున్నది. పండు లేనిచో నాటుటకు విత్తు లేదు. పూత కనబడగానే, కాయ పండకముందే, బదనిక యంటుకొన్న చోటికి జానెడు దిగువగా మామిడికొమ్మనే కోయవలెను. బదనికను మాత్రము విఱిచినచో మఱల చిగుర్చును. ఒక తోటలో కోసి ప్రక్కతోటలో విడిచిన ప్రయోజనము లేదు. పిట్టకు పొలము గట్టు అడ్డము రాదు. కనుక సంఘసభ్యులు కూడబలుకుకొని ఒక వారములో ఈ పని ముగించుట యుక్తము. కోయుటకు ముందు ఆ కొమ్మకు తేనెపిట్ట గూడున్నదేమో చూడుడు. ఉన్నచో పిల్లలెగిరిపోవువఱకు ఆ యొక్క కొమ్మను ఆపి, కాయ పండకముందే కోయుడు.