చదువుకి ఇండియా పంపేముందు

ఏటా ఎండాకాలం సెలవులు అయ్యాక మన శుక్రవారం పూజలో కొన్ని చోట్లు ఖాళీగా కనిపిస్తాయి. పన్నెండో తరగతి అయిన పిల్లలు ఇండియాలో కాలేజీల్లో చేరిపోయి ఉంటారు. ప్రసాదం దగ్గర తల్లుల మాటలన్నీ ఒకటే. సీటు ఎక్కడొచ్చింది, హాస్టల్లో తిండి ఎలా ఉంది, పిల్లాడు ఫోను ఎత్తుతున్నాడా. మా ఇంట్లో ఇద్దరూ అలా వెళ్ళినవాళ్ళే. పెద్దవాడి విషయంలో తప్పు చేశాం, చిన్నదాని విషయంలో కొంత నేర్చుకున్నాం. తెలిసినవాళ్ళు అడుగుతుంటే ప్రతిసారీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాయడం మేలనిపించింది.

ముందు సీటు సంగతి చెప్పాలి. పిల్లలు ఏ ఊళ్ళో ఉండబోతున్నారో తేలేది దాంతోనే. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇంజనీరింగు, మెడిసిన్ కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే ఇస్తారు. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. స్థానికులంటే అక్కడ పుట్టినవాళ్ళని కాదు. ఇంటర్ పూర్తయ్యేదాకా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవాళ్ళు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. తెలంగాణ మెడికల్ సీట్లకు పెట్టిన ఈ నాలుగేళ్ళ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మన పాస్‌పోర్టులో కడప అని ఉన్నా, కాకినాడ అని ఉన్నా, సాల్మియాలో చదివిన పిల్ల ఆ లెక్కలో స్థానికురాలు కాదు. మిగతా 15 శాతంలో, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించినట్టు ధ్రువపత్రం చూపిస్తే పోటీ పడవచ్చు. ఆ సీట్లకు స్థానికులూ పోటీకి వస్తారు కాబట్టి దారి బాగా ఇరుకు.

ఇక్కడొక మాట చెప్పాలి. 2024 జనవరిలో కువైట్ ఫ్యామిలీ వీసాలు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నెలకు 800 దినార్ల జీతం ఉండాలన్నారు. అంత జీతం రాని మనవాళ్ళు ఎందరో రాజంపేటలోనో రాయచోటిలోనో అమ్మమ్మల దగ్గర పిల్లల్ని ఉంచి ఇక్కడ పని చేస్తున్నారు. ఆ పిల్లలకి స్థానిక హక్కు ఉంది, మన పిల్లలకి లేదు. అమ్మానాన్నల్ని ఏళ్ళ తరబడి ఫోన్లో చూసుకుంటూ తెచ్చుకున్న హక్కు అది. దాన్ని చూసి మనం బాధపడకూడదు.

మన పిల్లలకున్న దారి వేరు. విదేశాల్లో చదివినవాళ్ళకి నిట్‌ల వంటి సంస్థల్లో డాసా అని విడిగా సీట్లున్నాయి. వాటిలో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి. దీన్ని సీఐడబ్ల్యూజీ అంటారు. డాసాలో మిగతావాళ్ళు డాలర్లలో కడుతుంటే, ఈ కోటాలో మన పిల్లలు అక్కడి విద్యార్థులు కట్టే ట్యూషన్ ఫీజే రూపాయల్లో కడతారు. ఒకప్పుడు శాట్ మార్కులు చూసేవారు, ఇప్పుడు జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తున్నారు. కానీ పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలోనే చదివి ఉండాలి.

మేం పొరపాటు చేసింది సరిగ్గా ఇక్కడే. పెద్దవాడికి పది కాగానే, అందరూ చెప్తున్నారని, విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీలో ఇంటర్‌కి చేర్చాం. నాలుగేళ్ళు నిండలేదు కాబట్టి వాడు స్థానికుడు కాలేదు. పదకొండు, పన్నెండు కువైట్‌లో చదవలేదు కాబట్టి డాసాకీ పనికిరాలేదు. మిగిలింది అందరితో పాటు జేఈఈ కౌన్సెలింగ్. దాంట్లో ర్యాంకు చాల్లేదు. చివరికి హైదరాబాద్ శివార్లలో మేనేజ్‌మెంటు సీటు కొన్నాం. చేర్చేటప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అందుకే ఎనిమిదో తరగతిలో ఉండగానే తేల్చుకోండి. పంపితే తొమ్మిదికే పంపాలి, లేదా పన్నెండు దాకా ఇక్కడే ఉంచాలి. మధ్యలో పంపితే రెండూ పోతాయి. మెడిసిన్ అయితే ఎక్కడి పిల్లలకైనా నీట్ తప్పదు. దేశం బయట నీట్ మొదటిసారి పెట్టింది 2021లో, కువైట్‌లోనూ దుబాయ్‌లోనూ. అంతకుముందు పరీక్ష రాయడానికే విమానం ఎక్కాల్సి వచ్చేది. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో 15 శాతం ఎన్నారై సీట్లున్నాయి గానీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ చదువు. మొదటి ఏడాది ఫీజు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. నిబంధనలు ఏటా మారుతుంటాయి, ఆ ఏటి బ్రోచర్ మీరే చదవండి.

చిన్నది పన్నెండు ఇక్కడే చదివింది. గల్ఫ్ కోటాలో వరంగల్ నిట్‌లో సీటొచ్చింది. శంషాబాద్‌లో దిగి, సికింద్రాబాద్‌లో రైలెక్కి, కాజీపేటలో దిగాం. దారంతా మేం ఎంత సంతోషంగా ఉన్నామో చెప్పలేం. పిల్ల సొంత రాష్ట్రానికి వచ్చింది కదా అని. మర్నాటికి గానీ అర్థం కాలేదు, ఇంటికి వచ్చింది మేమే. దానికి అది కొత్త దేశం.

చూడండి, మన పిల్లలు ఇక్కడ ఎప్పుడైనా ఒంటరిగా బస్సెక్కారా? స్కూలు వ్యానులో వెళ్ళి వ్యానులో వస్తారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, స్కూల్లో తీసుకున్నది హిందీయో ఫ్రెంచో. మొదటి నెలలో ఒక సాయంత్రం అమ్మాయి వీడియో కాల్ చేసి, ఫోను బస్సు వైపు తిప్పి, "అమ్మా, ఇది హన్మకొండే వెళ్తుందా?" అని అడిగింది. వాళ్ళమ్మ సాల్మియా వంటింట్లో నిలబడి బోర్డు చదివి చెప్పింది. కాబట్టి తొమ్మిది, పది తరగతుల్లోనే ఇంట్లో గుణింతాలు నేర్పండి. మేం నేర్పలేదు. హాస్టల్ స్నేహితురాళ్ళు నేర్పారు, నవ్వుతూనే అనుకోండి.

కాగితాల్లో ముందు చూడాల్సింది ఆధార్. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు ఇండియాలో దిగగానే, 182 రోజులు ఆగకుండా, దరఖాస్తు చేసుకోవచ్చు. అది చేతికొస్తే సిమ్ముకీ బ్యాంకు ఖాతాకీ తిరుగుళ్ళు తగ్గుతాయి. సిమ్ము లేకపోతే ఓటీపీ లేదు, ఓటీపీ లేకపోతే అక్కడ టీ కూడా కొనలేని రోజులొచ్చాయి. అందుకని పన్నెండుకి ముందు సెలవుల్లోనే ఆధార్ చేయించేయండి. కువైట్ వైపు అకామా సంగతి చూసుకోవాలి. ఆరు నెలలు దాటి బయట ఉంటే అది రద్దయ్యే ప్రమాదముంది. విద్యార్థులకు ఏం వెసులుబాటు ఉందో టికెట్ కొనకముందే మీ కంపెనీ మందూబ్‌ని అడగండి.

డబ్బు విషయంలో మన పెద్దవాళ్ళ మాట ఒకటుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చాక ఇక్కడి దినార్ చెల్లకుండా పోయింది. లక్షా డెబ్బై వేల మంది మనవాళ్ళు అమ్మాన్ మీదుగా ఇల్లు చేరారు. ఇక్కడి జీతం మీదే బతికే పిల్లలు ఇండియా హాస్టళ్ళలో ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒక సెమిస్టరు ఫీజు, ఆరు నెలల మెస్సు ఖర్చు ఎప్పుడూ ఇండియా ఖాతాలోనే ఉంచండి.

ర్యాగింగ్ గురించి తల్లిదండ్రులంతా భయపడతారు. 1997 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో దానికి చట్టముంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800 180 5522, పిల్లల ఫోన్లో వేసి పంపండి. మా అమ్మాయికి ఆ అవసరం రాలేదు. దాన్ని ఏడిపించింది వేరే. "మీది ఏ ఊరు?" అని అందరూ అడిగేవారట. కువైట్ అంటే "అది కాదు, అసలు ఊరు?" అనేవారు. తాతగారి ఊరు చెప్పేది. ఆ ఊళ్ళో అది మొత్తం మీద నలభై రోజులు కూడా లేదు.

చేర్చేటప్పుడు నెలంతా అక్కడే ఉండిపోవద్దు. మేం పెద్దవాడి దగ్గర ఇరవై రోజులు ఉన్నాం, వాడు రోజూ మా గదికే వచ్చి తిన్నాడు, స్నేహితుల్ని చేసుకోలేదు. చిన్నదాని దగ్గర ఐదు రోజులే ఉండి, మిగతా సెలవు దసరాకి దాచుకున్నాం. ఆ రాకే దానికి నిజంగా పనికొచ్చింది. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడే చోటికి మమ్మల్ని అదే తీసుకెళ్ళింది, ఆటో బేరం కూడా అదే ఆడింది.

ఇంకోటి, చిన్నదే గానీ చాలామంది పడే ఇబ్బంది. మన సెలవు శుక్రవారం, వాళ్ళకి క్లాసులుండే రోజు. మనం తీరిగ్గా ఉదయం ఎనిమిదికి ఫోను చేస్తే అక్కడ పదిన్నర, ల్యాబులో ఉంటారు. ఎత్తలేదని ఇక్కడ గొడవ. మేం ఆదివారం రాత్రికి మార్చుకున్నాం.

ఎనిమిదో తరగతి పిల్లలున్నవాళ్ళు ఈ లెక్కలు కూర్చుని చూసుకోవాలనుకుంటే శుక్రవారం పూజ అయ్యాక అరగంట ఆగండి, మేం ఉంటాం. పెద్దవాడప్పటి కాగితాలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, తెస్తాం.