అడవిలా కనిపించే కట్టడం

పిల్లలూ! న్యూయార్క్ నగరపు పటం ఎప్పుడైనా చూశారా? మన్‌హాటన్ దీవిలో వీధులు గళ్ల నోటుపుస్తకంలోని గీతల్లా నిలువుగా, అడ్డంగా పోతుంటాయి. ఆ గళ్ల నడుమ పచ్చని దీర్ఘచతురస్రం ఒకటి కనబడుతుంది. పొడవు రెండున్నర మైళ్లు, వెడల్పు అర మైలు, విస్తీర్ణం 843 ఎకరాలు. అదే సెంట్రల్ పార్క్.

కొత్తగా లోపలికి వెళ్లినవారు, "ఊరు కట్టేటప్పుడు పాత అడవిని ఇంతమేర వదిలేశారు కాబోలు" అనుకుంటారు. కానే కాదు! అక్కడి చెరువులు మనుషులు తవ్వినవి. పచ్చిక మైదానాలు చదును చేసినవి. ఉత్తరం వైపున ఒక సెలయేరు గలగలా పారుతుంది కదా, దాని నీళ్లు రాళ్ల మధ్య దాచిన పెద్ద గొట్టంలోంచి వస్తాయి! మనిషి చేసినవి కానివి ముఖ్యంగా అక్కడి బండరాళ్లే.

ఆ బండల కథ చాలా పాతది. అవి షిస్ట్ అనే శిలలు. సుమారు 45 కోట్ల ఏళ్లనాడు, సముద్రం అడుగున పేరుకున్న బురద భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి మారిపోయి ఇలా గట్టిపడింది. ఎండలో వీటిమీద అభ్రకం రేకులు తళతళ మెరుస్తాయి. ఉద్యానం దక్షిణ భాగంలో 'అంపైర్ రాక్' అనే పెద్ద బండ ఉంది. దానిమీద నాగలితో దున్నినట్టు లోతైన చాళ్లు కనిపిస్తాయి. రాతిని దున్నింది ఎవరు? మంచు! గడచిన మంచుయుగంలో ఈ ప్రాంతమంతా బ్రహ్మాండమైన మంచు పలకకింద ఉండేది. ఆ పలక మెల్లగా జరుగుతూ, తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో కింది బండను గీకింది. గరుకు కాగితంతో చెక్కను రుద్దితే గీతలు పడవూ? అలాగన్నమాట. చాళ్లు పోయే దిక్కును బట్టి మంచు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి కదిలిందని శాస్త్రజ్ఞులు చెప్పగలిగారు.

ఇక ఉద్యానం సంగతి. 1850 నాటికి న్యూయార్క్ జనాభా 5 లక్షలు దాటింది. ఇళ్లు కిక్కిరిసిపోయాయి. కాస్త గాలి పీల్చుకోవాలంటే చోటేది? కొందరు ఆదివారాలు దగ్గరలోని బ్రూక్లిన్ శ్మశానవాటికకు షికారు వెళ్లేవారంటే ఆశ్చర్యంగా లేదూ! అక్కడైనా చెట్లూ పచ్చికా ఉండేవి మరి. ధనికుడూ పేదవాడూ ఒకేచోట తిరిగే పెద్ద తోట కావాలని పత్రికలు రాశాయి. 1853లో స్థలం తీసుకోవడానికి చట్టం వచ్చింది. తోట ఎలా ఉండాలో నిర్ణయించడానికి పోటీ పెడితే 33 నమూనాలు వచ్చాయి. 1858లో గెలిచినది ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరు కలిసి గీసినది.

వాళ్లముందున్న చిక్కు ఇది. నగరంలో రాకపోకలు ఆగకూడదు గనుక తోటకు అడ్డంగా కనీసం నాలుగు బాటలు ఉండితీరాలని పోటీ నియమం. కాని బాటలు వేస్తే తోట ముక్కలైపోతుంది! వీరిద్దరూ ఏం చేశారో తెలుసా? ఆ నాలుగు బాటలను నేలకంటే సుమారు 8 అడుగుల లోతున కందకాల్లా తవ్వించారు. పైన వంతెనలు వేసి, అంచుల వెంబడి చెట్లూ పొదలూ నాటించారు. కింద బళ్లు పోతూనే ఉంటాయి. పైన పచ్చికలో నడిచేవారికి అవి కనిపించవు. మోటారుకార్లు ఇంకా పుట్టని రోజుల్లో వచ్చిన ఈ ఆలోచన, నేటి కార్లకూ బస్సులకూ కూడా పనికివస్తోంది. నన్నడిగితే, ఆ నమూనాలో అన్నిటికన్నా తెలివైన అంశం ఇదే.

తోట లోపల కూడా నడిచేవారికి, గుర్రాలెక్కేవారికి, బళ్లకు వేరువేరు దారులు. ఒకదాన్నొకటి దాటేచోట చిన్న చిన్న వంతెనలు. బళ్ల దారులను కావాలనే వంకరలు తిప్పారు. తిన్నగా ఉంటే గుర్రపు పందాలు మొదలవుతాయని వారి భయం!

గీయడం ఒక ఎత్తు, కట్టడం ఒక ఎత్తు. డైనమైట్ అప్పటికింకా కనిపెట్టలేదు. బండలను తుపాకి మందుతో పేల్చారు. చిత్తడి నేలల్లోని నీటిని బయటికి పంపడానికి మట్టి గొట్టాలు పాతారు. ఉన్న మట్టిలో సారం లేకపోతే న్యూజెర్సీ నుంచి మంచి మట్టి తెప్పించారు. చెట్లూ పొదలూ కలిపి రెండున్నర లక్షలకు పైగా నాటారు. 1858 డిసెంబరులోనే కొత్త చెరువు గడ్డకట్టగా జనం దానిమీద స్కేటింగ్ చేశారు. మొత్తం పని ముగిసేసరికి 1876 వచ్చింది.

అయితే ఆ స్థలం ఖాళీగా ఉండేదా? లేదు. అక్కడ సుమారు 1,600 మంది బతుకుతుండేవారు. పడమటి అంచున 'సెనెకా విలేజ్' అనే ఊరు కూడా ఉండేది. 1825 నుంచి నల్లజాతివారు అక్కడ స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో అని గుర్తుంచుకోండి! అప్పట్లో నల్లజాతి పురుషుడికి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపాలి. కనుక సొంత ఇల్లంటే వారికి తలదాచుకునే చోటు మాత్రమే కాదు. 1855 నాటికి అక్కడ ఇంచుమించు 225 మంది, మూడు చర్చీలు, ఒక బడి ఉండేవి. తోట కోసం 1857లో అందరినీ ఖాళీ చేయించారు. పరిహారం ఇచ్చారు గాని, చాలదని చాలామంది మొరపెట్టుకున్నారు. పత్రికలేమో వారిని గుడిసెలు వేసుకున్న ఆక్రమణదారులని రాశాయి. ఆ తరువాత ఆ ఊరి పేరే జనం మరచిపోయారు.

2011లో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వారు. ఒక ఇంటి రాతి పునాది బయటపడింది. ఇనుప టీ కెటిల్, చైనా పింగాణీ ముక్కలు, ఒక పిల్లవాడి తోలు చెప్పు దొరికాయి. గుడిసెల్లో తలదాచుకున్నవారి సామాను కాదది. కుదురుగా సంసారం చేసుకున్నవారిది. 2019లో ఆ చోట, చర్చీలూ ఇళ్లూ ఎక్కడెక్కడ ఉండేవో తెలిపే పలకలు నిలబెట్టారు. 82వ వీధికీ 89వ వీధికీ మధ్య, పడమటి ద్వారం గుండా వెళితే అవి కనిపిస్తాయి.