ఒకే స్పెల్లింగు, రెండు వేరు మాటలు: ‘యార్డ్’

పొన్నూరులో ఒక ఇంటి స్థలం అమ్మకానికి ఉందనుకుందాం. తెలుగు ప్రకటనలో ‘200 గజాల స్థలం’ అని ఉంది. దాన్ని మీరు ఇంగ్లీషులో రాయాలి. గజం అంటే యార్డ్ అని చిన్నప్పుడే నేర్చుకున్నాం కాబట్టి ‘టూ హండ్రెడ్ యార్డ్స్’ అని రాసేస్తాం. కాని ఇంగ్లీషులో ఆ మాట స్థల విస్తీర్ణాన్ని చెప్పదు, దూరాన్ని చెబుతుంది. 200 గజాల దూరమంటే సుమారు 183 మీటర్లు. తెలుగులో ‘చదరపు’ అనే మాటను మనం మింగేసినా ఎవరూ పొరబడరు. ఇంగ్లీషులో మాత్రం ‘స్క్వేర్ యార్డ్స్’ అనే రాయాలి.

అదే రోజు దినపత్రికలో గుంటూరు మిర్చి యార్డుకు ఎన్ని టిక్కీలు వచ్చాయో చదువుతారు. ఈ యార్డుకు, ఆ గజానికి సంబంధం ఏమిటి? మిర్చిని ఎవరూ గజాల్లో కొలవరు కదా! నిజానికి ఏ సంబంధమూ లేదు. ఇవి ఒకే పదానికి రెండు అర్థాలు కావు. స్పెల్లింగు, ఉచ్చారణ కలిసిపోయిన రెండు వేరు వేరు పదాలు. ఇలాంటి వాటిని హోమోనిములు అంటారు.

గజమనే అర్థమున్న యార్డ్, పాత ఇంగ్లీషులో కర్ర, బెత్తం అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. కొలిచే కర్ర పేరే కొలతకు పేరయింది. తెరచాప కట్టే అడ్డ కర్రను నావికులు ఇప్పటికీ యార్డ్ అనే పిలుస్తారు. 3 అడుగుల ఈ కొలతను 1959లో 0.9144 మీటరుగా స్థిరపరిచారు. రెండో యార్డ్ పాత ఇంగ్లీషులో ఆవరణ, కంచె వేసిన చోటు అనే అర్థమున్న వేరే పదం నుంచి వచ్చింది. గార్డెన్ దీనికి దూరపు చుట్టం. తోట అనే అర్థమున్న ఆర్చర్డ్ చివర దాగి ఉన్నది కూడా ఈ రెండో యార్డే.

ఇది ఇంగ్లీషుకే ఉన్న పీడ అనుకోకండి. పొన్నూరు, గుంటూరు పేర్ల చివర వినిపించే ‘ఊరు’ వేరు, ‘ఆవకాయ బాగా ఊరింది’ అన్నప్పటి ‘ఊరు’ వేరు. ఊరగాయ అంటే ఊళ్ళో కాసిన కాయ అని ఎవరైనా చెబితే నవ్వుతాం. అలాగే ‘పన్ను’. పన్ను పీకించుకుంటాం, పన్ను కడతాం. బహువచనంలో ఒకటి పళ్ళు అవుతుంది, మరొకటి పన్నులు అవుతుంది. (ఆ పళ్ళు మళ్ళీ పండ్లతో కలిసిపోవడం ఇంకో తిప్పలు.) వీటిని మనకెవరూ జాబితా వేసి నేర్పలేదు. పక్కనున్న మాటను బట్టే పోల్చుకున్నాం. ‘కట్టు’ వచ్చిందంటే అది పంచాయతీ పన్నే.

ఇంగ్లీషులోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. యార్డ్ ముందు అంకె ఉంటే చాలావరకు అది కొలత. ముందు మరో నామవాచకం ఉంటే, లేదా ‘ఇన్’, ‘ఎట్’ వంటి మాటలుంటే సాధారణంగా అది ఆవరణ. ‘ది మార్కెట్ యార్డ్ ఈజ్ ఫైవ్ హండ్రెడ్ యార్డ్స్ ఫ్రమ్ ది స్టేషన్’ అనే వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి. రెండు యార్డ్‌లూ ఒకే వాక్యంలో ఉన్నా తికమక కలగదు.

పెద్ద నిఘంటువులు ఇలాంటి పదాలను 1, 2 అనే చిన్న అంకెలు వేసి విడివిడిగా ఇస్తాయి. కొన్ని విద్యార్థి నిఘంటువులు మాత్రం అన్ని అర్థాలనూ ఒకే వరుసలో పేర్చుతాయి. ఆ వరుసను చూసి చాలామంది బెదిరిపోతారు. మార్కెట్ యార్డ్, రైల్వే యార్డ్, విశాఖపట్నంలోని షిప్‌యార్డ్, అమెరికాలో ఉన్న మీ బంధువు ఫోనులో చెప్పే ‘బ్యాక్ యార్డ్’, ఇవి నాలుగు అర్థాలుగా కనిపిస్తాయి. నాలుగింటిలోనూ ఉన్నది ఒక పనికి కేటాయించిన ఆవరణే. ఒకే పాదు నుంచి పాకిన తీగలివి. వీటిని ఒకటిగా పట్టుకుంటే గుర్తుంచుకోవలసినవి రెండే మిగులుతాయి.

ఏది ఒకే పాదో, ఏది కాదో పైకి చూసి చెప్పలేం. ‘పామ్’ అంటే అరచెయ్యి. తాటి, కొబ్బరి జాతి చెట్లనూ పామ్ అనే అంటారు. పొంతన లేనట్టుంది కదా! కాని లాటిన్‌లో ఇవి ఒకే పదం. తాటాకును ఒకసారి తలచుకోండి, వేళ్ళు చాచిన చెయ్యిలా ఉంటుంది. జిన్నింగ్ మిల్లులోని ‘జిన్’ సంగతి ఇందుకు విరుద్ధం. పత్తి నుంచి గింజను వేరు చేసే ఆ యంత్రం పేరు, ఇంజన్‌కు మూలమైన ఫ్రెంచి పదం తల పోగొట్టుకోగా మిగిలింది. జిన్ అనే మద్యం పేరు, జూనిపర్ కాయల డచ్చి పేరు తోక పోగొట్టుకోగా మిగిలింది. ఈ రెండింటినీ ఏదో కథ అల్లి కలపాలని చూడకండి. అలాంటి కట్టుకథ పరీక్ష హాలులో రెండు అర్థాలనూ కలగాపులగం చేస్తుంది. సంబంధం ఉన్నచోట బొమ్మను గుర్తుంచుకోండి, లేనిచోట రెండు కొత్త పదాలుగానే నేర్చుకోండి.

నోటుబుక్కులో ‘యార్డ్ = గజం, ఆవరణ’ అని ఒకే గీత మీద రాయవద్దు. రెండు వేరు పుటల్లో, ఒక్కోదానికి మీ ఊరి సంగతితో ఒక పూర్తి వాక్యం రాయండి. రెండో పదాన్ని మొదటిది స్థిరపడ్డాక, నాలుగైదు రోజులు ఆగి రాయడం మంచిది.

అభ్యాసం: అగ్గిపుల్ల, క్రికెట్ పోటీ, చీరకు సరిపోయే జాకెట్టు. ఈ మూడింటికీ ‘మ్యాచ్’ అనే మాట వాడతాం. వీటిలో రెండు ఒక కుటుంబానివి, ఒకటి పరాయిది. ఆ పరాయిది ఏదో ముందు ఊహించి కారణం రాయండి. ఆ తరువాతే నిఘంటువు తెరవండి.