రోజుకొక రూపాయి: పొదుపు సంఘాల లెక్క

తెలుగు పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పరు. 'నూటికి రెండు' అంటారు. అంటే వంద రూపాయల అప్పుకు నెలకు రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి ఇరవైనాలుగు. ఈ లెక్క తెలిస్తేనే పొదుపు సంఘం గ్రామీణ స్త్రీకి ఏమి చేసిందో బోధపడుతుంది.

అత్యవసరానికి ఒక కూలి స్త్రీ నూటికి ఐదు చొప్పున వెయ్యి రూపాయలు అప్పు తెచ్చిందనుకుందాం. నెలకు యాభై, ఏడాదికి ఆరువందల రూపాయలు వడ్డీ కిందే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. ఇప్పుడు పదిహేనుమంది స్త్రీలు కలిసి రోజుకొక రూపాయి చొప్పున దాచారనుకుందాం. నెలకు 450, ఏడాదికి సుమారు 5,400 రూపాయలు. అందులో నుంచి ఆమె అదే వెయ్యి నూటికి రెండు చొప్పున తీసుకుంటే ఏడాదికి వడ్డీ 240 రూపాయలే. ఆ 240 కూడా ఊరు దాటిపోదు, సంఘం నిధిలోనే చేరుతుంది. అందులో ఆమెకూ భాగముంది. వడ్డీ తగ్గడం ఒక మేలు. కట్టిన వడ్డీ తమ సొమ్ముగానే నిలవడం అంతకంటే పెద్ద మేలు.

ఈ ఆలోచన ఒక్కచోట పుట్టింది కాదు. 1982లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన గ్రామీణ మహిళా, శిశు అభివృద్ధి పథకమే తెలుగువారి నోట 'డ్వాక్రా' అయింది. 1980లలో కర్ణాటకలో మైరాడా సంస్థ, 1989 నుంచి తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ప్రభుత్వ పథకం ఇదే దారిలో నడిచాయి. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టింది. పొలమో బంగారమో తాకట్టు లేకుండా, సంఘం పొదుపునూ క్రమశిక్షణనూ చూసి బ్యాంకు అప్పివ్వడం అప్పటికి కొత్త సంగతి.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఊపిచ్చింది సారా వ్యతిరేకోద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని ఎదిరించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. దుకాణానికి పోయే కూలి డబ్బు ఇంట మిగిలితే దాన్నేం చేయాలన్న ప్రశ్నకు నెల్లూరు జిల్లాలో దొరికిన సమాధానం 'పొదుపులక్ష్మి', అంటే రోజుకొక రూపాయి దాచుకోవడం. తరువాత 2000లో ఏర్పడిన పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ద్వారా సంఘాలు గ్రామ, మండల సమాఖ్యలుగా ఎదిగాయి.

సంఘం నడిచే తీరు సులువైనదే. పది నుంచి ఇరవైమంది సభ్యులు, క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకంలో లెక్కలు. ఎవరికి ముందు అప్పివ్వాలో అందరూ కూర్చుని తేల్చుకుంటారు. చదువు రాని సభ్యురాలికి కూడా తన పేరున ఎంత ఉందో తెలిసేలా లెక్క పైకి చదవాలి. ఈ అలవాటు తప్పిన చోట పెత్తనం ఒకరిద్దరి చేతికి పోతుంది.

అయితే అప్పు దొరకడం వేరు, బతుకుదెరువు నిలవడం వేరు. తెచ్చిన సొమ్ముతో గేదెను కొంటే పాలు కొనేవారుండాలి, మేత దొరకాలి. పచ్చళ్ళు పెడితే సంత కావాలి. ఆ ఏర్పాటు లేకపోతే కూలి డబ్బుతోనే వాయిదా కట్టాల్సివస్తుంది. గేదె ఆమె పేరున కొన్నా పాల డబ్బు భర్త చేతిలో పడితే ఆర్థిక స్వాతంత్ర్యం కాగితం మీదే ఉన్నట్టు.

అప్పు ఎక్కువైతే ఏమవుతుందో 2010లో తెలిసింది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు వారం వాయిదాల మీద ఒకే ఇంటికి రెండు మూడు అప్పులిచ్చాయి. వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేసింది. పైకి అక్కడా స్త్రీల బృందాలే, ఇక్కడా స్త్రీల బృందాలే. కాని సంఘంలో పొదుపు ముందు, అప్పు తరువాత. అక్కడ అప్పే ముందు. సంఘంలో వడ్డీ ఎంతో సభ్యులే తేల్చుకుంటారు. అక్కడ ఎవరో తేల్చారు.

మరాఠీలో దీన్ని 'బచత్ గట్' అంటారు. అంటే పొదుపు బృందమే. కన్నడంలో 'స్వసహాయ సంఘ', తమిళంలో 'మగళిర్ సుయ ఉదవి కుళు'. ఒడిశాలో 2001 నుంచి 'మిషన్ శక్తి' పేరుతో ఈ సంఘాలు నడుస్తున్నాయి. మీ ఊళ్ళో మీ అమ్మో, పిన్నమ్మో, పక్కింటి అక్కో అలాంటి సంఘంలో ఉండవచ్చు. ఒకసారి ఆ పుస్తకం అడిగి చూడండి. పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎవరికి చేరుతోంది, తీసుకున్న డబ్బు మీద నిర్ణయం ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకు ఆమె తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఆ సంఘం తన పని చేస్తున్నట్టే.